జెనోవాలో వేసుకోవాల్సిన ఒక్క ప్రశ్న: డబ్బెవరు పెట్టారు?

ఇటలీకి వెళ్లే మనవాళ్ల టూర్ ప్యాకేజీల్లో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్ తప్పకుండా ఉంటాయి. జెనోవా సాధారణంగా ఉండదు. ఉన్నా, క్రూయిజ్ ఎక్కడానికి బస్సు దింపే రేవుగానే ఉంటుంది. మిలాన్ నుంచి రైల్లో రెండు గంటల లోపు దూరం. అయినా ఒక పూట చూసొచ్చినవాళ్లని అడిగితే, "ఏముందండీ అక్కడ? ఇరుకు సందులు, పాత ఇళ్లు, ఒక అక్వేరియం" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అలాగని వాళ్లది తప్పనడానికీ లేదు. రోమ్‌లో కొలోసియం ముందు నిలబడినవాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. జెనోవాలో అలా కళ్లకి ఎదురొచ్చి నిలబడే కట్టడం దొరకదు. పైగా పేర్లన్నీ తికమక పెడతాయి. 'రాజభవనం' అని బోర్డు ఉన్నదాన్ని ఏ రాజూ కట్టించలేదు. 'కొలంబస్ ఇల్లు' అని చూపించే గోడలు కొలంబస్ పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత లేచినవి. మున్సిపల్ ఆఫీసు చూస్తే, ఒకప్పుడు రాజులకి అప్పులిచ్చిన షావుకారు మేడ. యునెస్కో జాబితాకెక్కిన 42 మేడలున్నాయి కదా చూద్దామని బయల్దేరితే చాలా తలుపులు మూసి ఉంటాయి. కొన్నింట్లో బ్యాంకులు, కొన్నింట్లో ఆఫీసులు, కొన్నింట్లో మామూలుగా జనం కాపురాలు.

నేను మొదటిరోజు మ్యాప్ పట్టుకుని తిరిగాను. ఆ సందుల్లో ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందదు, ఆకాశం రెండు జానల వెడల్పున కనిపిస్తుంది. రెండోరోజు మ్యాప్ పక్కన పెట్టి, ఏ కట్టడం ముందు ఆగినా ఒకటే అడగడం మొదలుపెట్టాను: దీనికి డబ్బెవరు పెట్టారు? అక్కణ్నుంచి ఊరు విడివడటం మొదలైంది. ఎందుకంటే రోమ్‌ని పోపులు కట్టుకున్నారు, ఫ్లోరెన్స్‌లో మెడిచీ అనే బ్యాంకర్ల వంశం కట్టింది, వెనిస్‌లో ప్రభుత్వమే పెద్ద చెయ్యి. జెనోవాలో మాత్రం ఎప్పుడు చూసినా సర్కారు ఖజానా ఖాళీ, షావుకార్ల ఇళ్లల్లో పెట్టెలు నిండుగా. అక్కడి కట్టడాల కథంతా ఈ తేడాలోంచే పుట్టింది.

వంశానికో చౌరస్తా

ముందు నేల సంగతి. వెనక నిటారుగా కొండలు, ముందు లోతైన సముద్రం, మధ్యలో సన్నటి పట్టీ. దున్నుకోవడానికి పొలం లేదు. తిండిగింజలు కూడా ఓడల్లో రావాల్సిందే. ఊరు పెరగాలంటే పైకి పెరగాలి. అందుకే ఆరేడు అంతస్తుల ఇళ్ల మధ్య మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సందులు. వాటిని స్థానికులు 'కరూజ్జీ' అంటారు. కొండమీది వీధులకి వెళ్లడానికి సిటీ బస్సుల సంస్థే లిఫ్టులు, తాడు రైళ్లు నడుపుతుంది. కాస్తెల్లెత్తో లిఫ్టు ఎక్కి పైకి వెళ్తే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది: బూడిదరంగు పలకరాయి కప్పులు, వాటి అంచున క్రేన్లు, ఆ వెనక సముద్రం. ఎవరైనా అడిగితే మొదట ఇక్కడికే వెళ్లమంటాను.

మధ్యయుగంలో ఈ ఊరు ఒక ఊరుగా లేదు. వంశాల వారీగా ముక్కలుగా ఉండేది. మన పల్లెల్లో ఫలానావాళ్ల వీధి, ఫలానావాళ్ల బజారు అన్నట్టు, ఇక్కడ డోరియాల చౌరస్తా, స్పినోలాల చౌరస్తా. ప్రతి వంశానికీ సొంత చర్చి, సొంత బురుజు, ఇరుగుపొరుగుగా కట్టుకున్న దాయాదుల ఇళ్లు. బురుజు మీంచి పక్క వంశం మీద బాణాలు వేసుకున్న రోజులూ ఉన్నాయి.

దీన్ని దగ్గరగా చూడాలంటే పియాజ్జా సాన్ మత్తేయోకి వెళ్లాలి. పెద్ద రోడ్డుకి నాలుగడుగుల దూరంలోనే ఉన్నా చాలామంది దాటి వెళ్లిపోతారు. చిన్న వాకిలంత చౌరస్తా. ఒక పక్క సాన్ మత్తేయో చర్చి, మిగతా పక్కల డోరియా వంశం ఇళ్లు. చర్చిని 1125లో మార్తీనో డోరియా కట్టించాడు. ఇప్పుడు కనిపించే ముఖభాగం 13వ శతాబ్దం చివరిది. గోడంతా ఒక వరుస తెల్లరాయి, ఒక వరుస నల్లరాయి. ఈ చారల గోడ కట్టుకునే హక్కు ఊరికి పెద్ద మేలు చేసిన కొద్ది వంశాలకే ఉండేది. అంటే చారలు అలంకారం కోసమే అనుకోకూడదు, అది ఒక హోదా.

ఇంకొంచెం దగ్గరికి వెళ్తే తెల్లచారల మీద అక్షరాలు కనిపిస్తాయి. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, డోరియాలు గెలిచిన సముద్రయుద్ధాలు వరుసగా చెక్కి ఉంటాయి. 1284లో మెలోరియా దగ్గర పీసాని ఓడించడం, 1298లో కుర్జోలా దగ్గర వెనిస్‌ని ఓడించడం. దేవుడి గుడి గోడ మీద ఇంటివాళ్ల విజయాల పట్టిక! ఆ గుడికి డబ్బెవరు పెట్టారో తెలిస్తే అది వింతగా అనిపించదు. మెలోరియా దెబ్బ నుంచి పీసా మళ్లీ కోలుకోలేదు. 1290లో జెనోవావాళ్లు పీసా రేవుకి అడ్డంగా కట్టే ఇనుప గొలుసులు తెంచి తెచ్చి, ముక్కలు చేసి, తమ చర్చిలకీ కోట గుమ్మాలకీ వేలాడదీశారు. ఐదు వందల ఏళ్లకు పైగా అవి అలాగే వేలాడాయంటే నమ్మబుద్ధి కాదు కానీ, లెక్క వేస్తే 570. 1860లో, ఇటలీ ఒక్కటవుతున్న వేళ, తిరిగిచ్చేశారు. వాలిన గోపురం ముందు ఫొటో దిగి వచ్చేసే మనవాళ్లు పక్కనే ఉన్న పీసా శ్మశానవాటిక భవనంలోకి వెళ్తే ఆ గొలుసులు గోడకి కనిపిస్తాయి.

అదే చౌరస్తాలో మూల ఇంటి గుమ్మం పైన ఒక లాటిన్ శాసనం ఉంది. సెనేట్ తీర్మానం ప్రకారం, దేశ విమోచకుడైన ఆండ్రేయా డోరియాకి ప్రజల కానుక అని దాని భావం. 1528లో ఫ్రెంచివాళ్ల పెత్తనం నుంచి ఊరిని బయటపడేసినందుకు, అప్పట్లో రాజు లేని స్వతంత్ర రాజ్యమైన జెనోవా రిపబ్లిక్ ఇచ్చిన ఇల్లు ఇది. ప్రభుత్వం డబ్బు పెట్టి ఒక మనిషికి ఇల్లిచ్చిన ఘటన కాబట్టే రాతి మీద రాసుకున్నారు.

అప్పులవాళ్ల కోట

సాన్ మత్తేయో నుంచి రేవు వైపు దిగితే పాలాజ్జో సాన్ జార్జో. నా దృష్టిలో జెనోవా మొత్తానికి గుండెకాయ ఇదే. సముద్రం వైపు గోడ నిండా రంగురంగుల బొమ్మలు, స్తంభాలు, గూళ్లు. కాసేపు తేరిపార చూస్తే ఆ స్తంభాలు రాతివి కావనీ చదునుగోడ మీద వేసిన రంగులనీ తెలుస్తుంది. జెనోవాలో ఇది మామూలే. చోటు లేని ఊళ్లో శిల్పాన్ని రంగుతో తెచ్చుకున్నారు. ఇళ్ల గోడల మీద నిజం కిటికీల పక్కనే బొమ్మ కిటికీలు వేస్తారు. రెక్క సగం తెరిచినట్టు, నీడతో సహా.

ఈ భవనం రెండు ముక్కలు. సముద్రం వైపు రంగుల భాగం తర్వాతిది. వెనక ఉన్న ఇటుక భాగం 1260 నాటిది. అప్పట్లో జనం పక్షాన ఊరిని ఏలిన గుల్యెల్మో బొక్కనేగ్రా దాన్ని ప్రభుత్వ భవనంగా కట్టించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో వెనిస్‌వాళ్లకున్న కట్టడాన్ని పడగొట్టి ఆ రాళ్లు ఓడలో తెచ్చి ఇందులో వాడారు. గోడమీది సింహం తలలు అక్కడివే. శత్రువు ఇంటి రాయి తెచ్చి తన గుమ్మానికి పెట్టుకోవడం ఎలాంటి పగో ఊహించుకోవచ్చు.

తర్వాత అది కస్టమ్స్ ఆఫీసు అయింది, కొన్నాళ్లు జైలూ అయింది. 1407 తర్వాత సాన్ జార్జో సంస్థ పుట్టింది, ఆ సంస్థకి ఈ భవనం ఇల్లయింది. ఆ సంస్థ ఏమిటన్నది కొంచెం నెమ్మదిగా చెప్పాలి. రిపబ్లిక్‌కి యుద్ధం వచ్చినప్పుడల్లా డబ్బు కావాలి. ఖజానాలో లేదు. పౌరుల దగ్గర అప్పు చేసేది. తిరిగి ఇవ్వడానికి కూడా డబ్బు లేదు కాబట్టి, ఉప్పు పన్నో ఇంకో సుంకమో అప్పిచ్చినవాళ్లకి రాసిచ్చేది: మీరే వసూలు చేసుకోండి, అందులోంచే మీ వడ్డీ తీసుకోండి అని. ఇలాంటి అప్పుల గుంపులు పదులకొద్దీ అయ్యాయి. 1407లో వాటిని కలిపి ఒకే సంస్థ చేశారు. అప్పిచ్చిన ప్రతివాడికీ అందులో వాటా. దాన్ని 'లువోగో' అనేవారు. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, కూతురికి కట్నంగా ఇవ్వచ్చు, చర్చికి రాసివ్వచ్చు. ఈరోజు మన దగ్గర ప్రభుత్వ బాండ్లు, షేర్లు అని వినే వ్యవహారం చాలా వరకూ ఇక్కడ అప్పుడే నడిచింది.

వ్యవహారం ఎంతదాకా వెళ్లిందంటే, 1453లో రిపబ్లిక్ తన చేతుల్లో నిలబెట్టుకోలేక కోర్సికా ద్వీపాన్నీ నల్లసముద్రం ఒడ్డున ఉన్న కాఫా రేవునీ ఈ సంస్థకి అప్పజెప్పింది. అప్పులవాళ్ల సంఘం దీవులూ రేవులూ ఏలింది. ఫ్లోరెన్స్‌కి చెందిన రాజనీతి రచయిత మాకియవెల్లి దీన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఒకే ప్రాకారం లోపల సాన్ జార్జోలో క్రమశిక్షణ, ప్రభుత్వంలో అరాచకం పక్కపక్కనే ఉన్నాయనీ, ఊరు మొత్తం ఆ సంస్థ చేతికొస్తే వెనిస్‌ని మించిపోతుందనీ రాశాడు. నెపోలియన్ కాలంలో, 1805లో మూతపడేదాకా అది నడిచింది. ఇప్పుడు అదే భవనంలో రేవు అధికారుల ఆఫీసు ఉంది. లోపలి హాల్లో దాతల పాలరాతి విగ్రహాలున్నాయి. ఎక్కువ ఇచ్చినవాళ్లు కూర్చుని ఉంటారు, అంతకన్నా తక్కువ ఇచ్చినవాళ్లు నిలబడి ఉంటారు, ఇంకా తక్కువైతే ఛాతీ దాకానే. ఈ ఊరి స్వభావం తెలియాలంటే ఆ ఒక్క హాలు చాలు.

ఇక మనకి సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. వెనిస్ వర్తకుడు మార్కో పోలో యుద్ధంలో జెనోవావాళ్లకి పట్టుబడ్డాడు. 1298లో జైల్లో ఉండగా తన ప్రయాణాలన్నీ పీసాకి చెందిన తోటి ఖైదీ రుస్తికెల్లోకి చెప్పి రాయించాడు. ఆ జైలు ఈ భవనమేనని సంప్రదాయంగా చెప్పుకుంటారు. ఆ కథనంలో 'ముత్ఫిలి' అనే రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గరి రేవు. దాన్ని ఒక రాణి ఏలుతోందనీ, న్యాయం తప్పని మనిషనీ, అక్కడ నేసే బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందనీ, రాజులు రాణులు కూడా దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడతారనీ పోలో చెప్పాడు. వజ్రాల లోయలోకి మాంసం ముక్కలు విసిరి గద్దల చేత వజ్రాలు తెప్పించే కథ కూడా అక్కడిదే. ఆ రాణి రుద్రమదేవి. ఆమెని రాజుగారి భార్య అని అతను పొరబడ్డాడు. నిజానికి గణపతిదేవుడి కూతురు. కానీ ఓరుగల్లు రాణి పేరుప్రతిష్ఠలు యూరప్‌లో కాగితం మీదికెక్కింది జెనోవా జైల్లోనే. నేను ఆ ఇటుక గోడ ముందు నిలబడి చాలాసేపు కదల్లేకపోయాను.

ఇంకొక మాట. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకి ఓడ చెడి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా పాత రాజులు లాక్కునేవారు, మేం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని దాని సారాంశం. దాని తర్వాత పదహారేళ్లకు ఇక్కడ ఈ భవనం లేచింది. ఒక రేవు నిలబడేది వర్తకుడి నమ్మకం మీదే అని రెండు చోట్లా తెలిసిన కాలం అది. మోటుపల్లిలో వీరభద్రుడి గుడి దగ్గర ఆ శాసనస్తంభం చూడటానికి మాత్రం టూర్ బస్సులేవీ ఆగవు.

లేఔట్ వేసి ప్లాట్లు వేలం వేసిన వీధి

ఇప్పుడు అసలు చిక్కుముడి: ఆ 42 మేడలు.

1528లో నౌకాసేనాని ఆండ్రేయా డోరియా ఫ్రాన్స్‌ని వదిలి స్పెయిన్ చక్రవర్తి ఐదో చార్లెస్ వైపు మారాడు. ఊరికి కొత్త రాజ్యాంగం పెట్టించాడు. దొరల కుటుంబాలన్నింటినీ 28 గుంపుల్లో చేర్చారు. ఊరిపెద్ద అయిన 'డోజే' పదవి రెండేళ్లకి పరిమితమైంది. దొరలు ఒకరినొకరు పొడుచుకోవడం తగ్గింది. అంతకన్నా ముఖ్యంగా, స్పెయిన్ రాజులకి అప్పులిచ్చే వ్యాపారం జెనోవా షావుకార్ల చేతికొచ్చింది. అమెరికా గనుల వెండి ఓడల్లో వచ్చేదాకా స్పెయిన్ సైన్యాలు జీతాల కోసం ఆగలేవు. ఆ మధ్యకాలానికి డబ్బు సర్దేది వీళ్లు. వెండి రాగానే వడ్డీతో సహా వీళ్ల పెట్టెల్లోకి చేరేది. డబ్బు అమెరికాలో పుట్టి, స్పెయిన్‌లో చచ్చి, జెనోవాలో సమాధి అవుతుందని ఆ కాలపు స్పెయిన్ కవి కెవెదో అన్నాడు.

ఆ డబ్బుతో ఏం చేశారు? ఇరుకు సందుల్లోంచి బయటికి రావాలనుకున్నారు. 1550 ప్రాంతంలో కొండ అంచున కొత్త వీధికి గీత గీశారు. మనవాళ్లకి బాగా తెలిసిన పద్ధతే: లేఔట్ వేసి, ప్లాట్లు కొట్టి, వేలం వేశారు. కొన్నవాళ్లు స్పినోలాలు, గ్రిమాల్దీలు, లొమెల్లీనీలు, పల్లవిచీనోలు, లెర్కారీలు. దాన్ని స్ట్రాదా నువోవా, అంటే కొత్త వీధి అన్నారు. ఇప్పుడు వయా గరిబాల్దీ. వెడల్పు ఏడున్నర మీటర్లు, మన లెక్కలో 25 అడుగుల రోడ్డు. పొడవు పావు కిలోమీటరు. చివర నిలబడి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. తలుపుల లోపలికి వెళ్తే తప్ప ఆ వీధి అర్థం కాదు.

తుర్సీ భవనం తీసుకోండి, ఇప్పటి మున్సిపల్ ఆఫీసు. 1565లో నికొలో గ్రిమాల్దీ మొదలుపెట్టాడు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి అప్పులిచ్చినవాడు. అతనికున్న బిరుదులు చూసి ఊళ్లో 'మొనార్కా', అంటే చక్రవర్తి అనేవారు. పక్కవాళ్లు ఒక్కో ప్లాటు మీద కడితే అతను మూడింటి మీద కట్టాడు. గోడకి ఫినాలే ఊరి గులాబీరంగు రాయి, నల్లటి పలకరాయి, కరారా తెల్ల పాలరాయి. గుమ్మం దాటితే మెట్లు, మెట్ల పైన స్తంభాల మధ్య వెలుతురు నిండిన ముంగిలి, దాని వెనక రెండు పాయలుగా చీలి పైకి వెళ్లే మెట్లు, ఆ పైన తోట. వెనక కొండ ఎత్తుగా ఉంది కదా, దాన్ని చదును చేయకుండా మెట్టుమెట్టుగా ఇంట్లోకే తెచ్చుకున్నారు. వీధిలోంచి వచ్చినవాడు నడుస్తున్నకొద్దీ ఇల్లు పైపైకి లేస్తుంది.

అయితే స్పెయిన్ రాజు చెల్లింపులు ఆపేసినప్పుడల్లా, 1557, 1575, 1596ల్లో, ఈ షావుకార్లకి దెబ్బ తగిలేది. 1597లో తుర్సీ భవనం డోరియా వంశం చేతికొచ్చింది. కొన్న జొవన్నీ ఆండ్రేయా డోరియా దాన్ని చిన్నకొడుకు కార్లోకి, అంటే తుర్సీ డ్యూక్‌కి ఇచ్చాడు. కట్టినవాడి పేరు పోయి, కొన్నవాళ్ల బిరుదు మిగిలింది. జెనోవా మేడల పేర్లు గందరగోళంగా ఉండటానికి కారణం ఇదే. ఒక్కో చేతికి మారినప్పుడల్లా ఒక్కో పేరు అంటుకుంది. ఇదే భవనంలో వయొలిన్ విద్వాంసుడు నికొలో పగనీనీ వాయించిన వయొలిన్ ఉంది. గ్వర్నేరీ 1743లో చేసినది. దాని గొంతు అంత పెద్దది కాబట్టి పగనీనీ దాన్ని 'ఫిరంగి' అని పిలిచేవాడు. పోతూ పోతూ సొంత ఊరికి రాసిచ్చాడు.

అదే వరుసలో ఉన్న లెర్కారీ మేడ గుమ్మం దగ్గర ఆగి చూడండి. గుమ్మానికి అటూ ఇటూ బరువు మోస్తున్న రెండు మగ విగ్రహాలకి ముక్కులుండవు. కాలం కొరికేసిందనుకుంటాం. కాదు, చెక్కినప్పుడే అలా చెక్కారు. వాళ్ల పూర్వీకుడు మెగొల్లో లెర్కారీని నల్లసముద్రం ఒడ్డున ట్రెబిజోండ్ చక్రవర్తి కొలువులో ఎవరో చెంపదెబ్బ కొడితే, అతను ఓడలతో వచ్చి ఆ దేశపు మనుషుల ముక్కులూ చెవులూ కోశాడని కథ. క్రూరమైన కథ. దాన్ని దాచుకోకుండా ఇంటి గుమ్మానికే పెట్టుకున్నారు.

సరే, ఇన్ని మేడలు ఉన్నా ఊరికి ఒక ఇబ్బంది ఉండేది. వేరే దేశం రాజో, కార్డినలో, రాయబారో వస్తే ఎక్కడ దింపాలి? డోజే ఉండే పాలాజ్జో దుకాలే ఉంది కానీ అది పరిపాలన భవనం, రాజుల విడిది కాదు. కొత్తగా అతిథిగృహం కట్టే స్తోమత ప్రభుత్వానికి లేదు. అందుకని 1576లో సెనేట్ ఒక ఆజ్ఞ చేసింది. ఊళ్లో ఉన్న మంచి మేడలన్నింటికీ జాబితా రాయాలి. ఆ జాబితాలే 'రోల్లి', అంటే కాగితపు చుట్టలు. మేడ ఎంత పెద్దది, ఎంత అందమైనదన్నదాన్ని బట్టి తరగతులు. వచ్చిన అతిథి హోదాకి ఏ తరగతి తగునో చూసి, ఆ తరగతి చీట్లు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్లింట్లో విడిది, మర్యాదలు. కాదనడానికి లేదు.

మన ఊళ్లలో పెళ్లికి వచ్చిన మగపెళ్లివారిని ఊరి పెద్దల ఇళ్లల్లో విడిది దింపేవారు చూడండి, అలాంటిదే చట్టంగా మారింది. అది బరువే, కానీ జాబితాలో పేరుండటం గొప్ప. దాంతో జాబితాకెక్కడానికి మేడలు ఇంకా బాగు చేసుకున్నారు, ఎక్కినవాళ్లు పై తరగతికి వెళ్లడానికి చూశారు. 1588, 1599, 1614, 1664ల్లో జాబితాలు మళ్లీ రాశారు. అన్నింట్లో కలిపి వందకు పైగా మేడలు ఉన్నాయి. 2006లో యునెస్కో వాటిలోంచి 42 తీసుకుంది. అక్కడ గుర్తింపు ఒక్క మేడల అందానికే కాదు, సొంత ఇళ్లని రాజ్యం విడిదిగా వాడుకున్న ఈ ఏర్పాటుకి కూడా.

ఫ్లాండర్స్ చిత్రకారుడు రూబెన్స్ ఈ ఇళ్ల ప్లాన్లు సంపాదించి 1622లో ఆంట్‌వెర్ప్‌లో పుస్తకంగా వేశాడు. ఇవి రాజు కొలువుకి సరిపడే కట్టడాలు కావు, పెద్దమనుషుల కుటుంబాలకి సరిపడే ఇళ్లు, మన ఊళ్లకి పనికొచ్చేవి ఇవే అని అతని ఉద్దేశం. అంటే నాలుగు వందల ఏళ్ల కిందటే ఒకాయన సరైన ప్రశ్న వేశాడు.

ఆ జాబితాలోని చాలా మేడలు ఏడాదికి కనీసం రెండుసార్లు, 'రోల్లి డేస్' పేరుతో జనానికి తలుపులు తీస్తాయి. వీలుంటే ఆ రోజులు చూసుకుని వెళ్లాలి. లేకపోతే తుర్సీ, దాని పక్కనే ఉన్న తెల్ల మేడ, ఎదురుగా ఎర్ర మేడ ఎప్పుడూ మ్యూజియంలే. ఎర్ర మేడ బ్రిన్యోలే-సాలే వంశానిది. ఆ వంశపు ఆడపడుచు, గల్లియేరా డచెస్ మరియా, 1874లో బొమ్మలూ సామాన్లతో సహా ఊరికి ఇచ్చేసింది. మరుసటి ఏడాది ఆమె భర్త రఫయేలె దె ఫెర్రారీ రేవు విస్తరణకి రెండు కోట్ల లీరాలు ఇచ్చాడు. రేవు బాగుచేయడానికి కూడా ఒక ఇంటాయన జేబే దిక్కయింది.

ఇక 'రాజభవనం'. వయా బాల్బీలో ఉంది. బాల్బీలు కట్టారు, దురాజ్జోలు పెంచారు. 1815లో యూరప్ రాజులు కూర్చుని జెనోవాని సవోయా రాజుకి కట్టబెట్టారు. ఆ వంశం 1824లో ఈ మేడని కొనుక్కుంది. అప్పుడు పడింది ఆ పేరు. లోపల అద్దాల హాలు బాగుంటుంది.

ఆకలేస్తే సోత్తోరీపా వైపు దిగండి. రేవు వెంబడి పన్నెండో శతాబ్దం నుంచి ఉన్న కమాను నడవా అది. చేపలు వేయించే కొట్ల మధ్య ఫరినాతా దొరుకుతుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాల్చే అట్టు. పైన కొంచెం మిరియాల పొడి. మనవాళ్ల నోటికి వెంటనే పడుతుంది.

రేవు చుట్టుపక్కల

సాన్ లొరెంజో కెథడ్రల్ ఊరందరిది. 1118లో పోపు రెండో గెలాసియస్ ప్రతిష్ఠ చేశాడు. లోపల కుడి వైపు నడవాలో ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద గుళ్లు కురిపించినప్పుడు కప్పు చీల్చుకుని లోపలికి పడి, పేలలేదు. కింద ఖజానా మ్యూజియంలో ఒక ఆకుపచ్చ గాజు పళ్లెం ఉంది. 1101లో క్రూసేడ్ నుంచి తెచ్చారు. ఏసు చివరి విందులో వాడిన మరకతపు పాత్ర అని శతాబ్దాలు నమ్మారు. నెపోలియన్ పారిస్‌కి తీసుకెళ్తే తిరిగి ముక్కలుగా వచ్చింది, గాజేనని తేలింది. అయినా దాన్ని పారేయలేదు. నాకు ఆ పని నచ్చింది.

లాంటెర్నా, అంటే దీపస్తంభం, ఊరి గుర్తు. ఎత్తు 77 మీటర్లు. అంతకుముందున్న బురుజు ఫ్రెంచివాళ్లతో పోరులో దెబ్బతింటే 1543లో ఇప్పటిది కట్టారు. పాతకాలంలో పైన కట్టెల మంట వేసేవారు, ఆ కట్టెల ఖర్చు రేవులోకి వచ్చే ఓడలు కట్టే సుంకంలోంచి. వెలుగు వాడుకున్నవాడే వెలుగుకి డబ్బు కట్టాడు.

పోర్తా సోప్రానా 1155 నాటి కోటగుమ్మం. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా దండెత్తుతాడన్న భయంతో ఊరంతా కలిసి కట్టిన గోడలో భాగం. శాంతితో వస్తే ఈ తలుపులు తాకవచ్చు, యుద్ధం కోరి వస్తే ఓడి ఏడుస్తూ వెళ్తావు అని దాని మీది శాసనం. దాని పక్కనే కొలంబస్ ఇల్లు. 1684లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ నౌకలు ఊరి మీద బాంబులు వేసినప్పుడు పాతది పోయింది, తర్వాత మళ్లీ కట్టారు. కొలంబస్ నేత పనివాడి కొడుకు. అతని ప్రయాణానికి డబ్బు ఈ ఊరు పెట్టలేదు, స్పెయిన్ పెట్టింది. అయినా 1502లో సాన్ జార్జో సంస్థకి ఉత్తరం రాస్తూ, నా శరీరం ఇక్కడ తిరుగుతున్నా మనసు ఎప్పుడూ అక్కడే అన్నాడు. తన రాబడిలో పదోవంతు ఏటా ఇస్తాననీ, దాంతో గోధుమలు, ద్రాక్షసారా మీద పన్ను తగ్గించమనీ అడిగాడు. దూరదేశంలో ఉన్న మనవాళ్లు సొంతూరి బడికి డబ్బు పంపిస్తూ రాసే ఉత్తరంలాగే ఉంటుంది.

అతని ప్రయాణానికి 500 ఏళ్లయిన సందర్భంగా, 1992లో, పాత రేవుని ఈ ఊరివాడే అయిన ఆర్కిటెక్ట్ రెంజో పియానో మళ్లీ రూపుదిద్దాడు. అక్వేరియం అప్పటిదే. అంతకుముందు ఊరికీ రేవుకీ మధ్య కంచె ఉండేది. 1965లో వేసిన ఫ్లైఓవర్ మాత్రం పాలాజ్జో సాన్ జార్జో ముక్కు ముందు నుంచి ఇప్పటికీ పోతోంది. ఒకప్పుడు అలలు తగిలిన గోడకి ఇప్పుడు కార్ల చప్పుడు. నాకది చూస్తే బాధేసింది.

పియానో పేరుతో ఇంకో కట్టడం ఉంది. 2018 ఆగస్టు 14న వానలో మొరాందీ వంతెన కూలి 43 మంది చనిపోయారు. దాని స్థానంలో అతను గీసిన కొత్త వంతెన 2020 ఆగస్టు 3న తెరిచారు. కింద చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా 43 చెట్లు నాటారు. ఆ చోట నా ప్రశ్న సరిపోలేదు. కట్టడానికి డబ్బెవరు పెట్టారన్నది కాదు, కట్టినదాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరన్నది అక్కడి ప్రశ్న. దాని మీద 2022లో కోర్టులో విచారణ మొదలైంది.

ఆఖరున స్తాల్యేనో వెళ్లండి, బస్సులో. 1851లో తెరిచిన శ్మశానవాటిక. ఇటలీ ఏకీకరణ నాయకుడు మజ్జీనీ సమాధి ఇక్కడే. కమాను నడవాల్లో వర్తకులు, ఓడల యజమానులు నిలువెత్తు పాలరాతిలో బారులు తీరి ఉంటారు. వాళ్ల మధ్య ఒక ముసలావిడ నిలబడి ఉంటుంది. పేరు కతెరీనా కంపొదోనికో. జాతర్లలో, తీర్థాల్లో హేజల్ కాయల దండలు, రొట్టె చుట్టలు అమ్ముకుని బతికింది. జీవితమంతా దాచిన డబ్బు పట్టుకెళ్లి, ఊళ్లో దొరల విగ్రహాలు చెక్కే లొరెంజో ఒరెంగో చేతిలో పెట్టి, తన బొమ్మ చెక్కించుకుంది. 1881లో, తను బతికుండగానే, అది ఇక్కడ నిలబెట్టించింది. మరుసటి ఏడాది పోయింది.

పండగ బట్టలు కట్టుకుంది. శాలువా అంచు కుచ్చులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి, చొక్కా మీద లేసు కుట్టు లెక్కపెట్టవచ్చు. కింద ఆమె కోసం జెనోవా యాసలో రాయించిన పద్యం ఉంది: ఎండకీ వానకీ కాయలు అమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాను, ఇటుగా వెళ్లేవాళ్లు నా కోసం ఒక్క ప్రార్థన చెయ్యండి అని. చేతుల్లో మాత్రం పువ్వులు లేవు, జపమాల లేదు. ఒక్కొక్క గింజా గుండ్రంగా చెక్కిన కాయల దండ పట్టుకుని ఉంది, ఇంకా అమ్మడానికి వచ్చినట్టు.